హ్యాండిల్ మీద రెండు చేతులు

బెంగళూరు నుంచి తుమకూరు రోడ్డులో పీణ్య దాటి కొంతదూరం పోతే ఒక ఫారం ఉండేదట. దాని చివర పాడుబడిన పంపుహౌసు, పక్కనే పాత బావి. చీకటి పడ్డాక అటు ఎవరూ పోరు... పోయినవాళ్ళని వెతకడానికి కూడా ఎవరూ పోరు.

ఆ బావిలో చనిపోయింది పిల్లమ్మ అనే కూలిమనిషి. కాలు జారి పడిందని మగవాళ్ళు చెప్తారు. మేస్త్రితో నవ్వుతూ మాట్లాడిందని మొగుడే తోశాడని ఆడవాళ్ళు చెప్తారు — అదీ గొంతు తగ్గించి. బావి గట్టు మీద పచ్చ గాజుల ముక్కలు చాలాకాలం మెరిసేవట. మొగుణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. దెయ్యమైందన్న పేరు మాత్రం ఆమెకే వచ్చింది.

పంపుహౌసు తలుపు మీద ఎవరో సున్నంతో 'నాళె బా' అని రాశారు — కన్నడంలో రేపు రా అని, దెయ్యం చదివి వెనక్కి పోవడానికి. ఈ నగరంలో ఆడమనిషి ఏ ఆఫీసు మెట్లెక్కినా వినే మాటే అది. చచ్చినాక కూడా ఆమెకు అదే జవాబు.

రెండువేల ఆరులోనో, ఏడులోనో రాజగోపాల్ అనే ఆయన ఆ ఫారం కొని ఏటీవీలు తెప్పించాడు. బైకులా ఎక్కి తోలే, లావాటి నాలుగు చక్రాల బండ్లు. శనాదివారాల్లో సాఫ్ట్‌వేర్ పిల్లలు వచ్చి బురదలో తిప్పుకుంటారు. పొద్దుగూకాక కూడా తిప్పాలంటే అదనంగా లైట్లు కావాలి. ఆ పని పీణ్యలో బండ్ల వైరింగు షాపు పెట్టుకున్న ఓంకార్‌కి వచ్చింది.

వచ్చింది ఓంకార్‌కి. పని తెలిసింది అతని పెళ్ళాం హేమలతకి. వైర్ల కంపెనీలో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి ఆమె.

"స్విచ్ ఎడమ హ్యాండిల్ మీద, పిడి పక్కనే పెడదాం సార్" అంది. "నీళ్ళు పోకుండా రబ్బరు టోపీ ఉండే చిన్నది. బొటనవేలికి అందాల. గుంతల్లో రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉండాల. రిలే పెట్టి, తాళంచెవి తీస్తే లైటూ ఆరిపోయేట్టు చేద్దాం. లేకుంటే ఎవరో మర్చిపోతారు, పొద్దునకి బ్యాటరీ చచ్చుంటాది."

"హేమక్క చెప్పిందే కరెక్టు" అన్నాడు రాజగోపాల్. నవ్వుతూ ఇంకో మాట కలిపాడు. "ఓంకారప్పా, షాపు బోర్డు మీద పేరు మార్చేయ్!"

ఓంకార్ కూడా నవ్వాడు. ఆ రాత్రి కూర బాగలేదని కంచం తోసేశాడు. బాగలేనిది కూర కాదు.

ఫారం షెడ్డులో మొదటి బండి ఆమె పద్ధతిలో పూర్తయింది. మర్నాడు సాయంత్రం ఆమె ఇంటికి పోయేదాకా ఆగి, రెండో బండికి ఓంకార్ తన స్విచ్ బిగించాడు. ఇనప పుల్లలా పైకి లేచి తళతళలాడే పెద్ద టాగిల్ స్విచ్. పెట్రోలు ట్యాంకు పక్కన, కూర్చుంటే ఎదురుగా కనిపించేట్టు. మగవాడి బండికి మగవాడి స్విచ్ అని అతని లెక్క. రిలే గిలే లేదు... వైరు నేరుగా బ్యాటరీకే.

లైట్లు భగ్గుమన్నాయి. 'రేపు సార్‌కి చూపిస్తా' అనుకుంటూ, తిప్పి చూడ్డానికి ఒక్కడే పంపుహౌసు వైపు బయల్దేరాడు.

మొదటి మలుపు దగ్గర — లైట్లు ఆరిపోయాయి.

కాసేపటికి వాటంతటవే వెలిగాయి.

అతను స్విచ్ ముట్టుకోలేదు. భయానికి రెండు చేతులూ హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకునే ఉన్నాయి.

పంపుహౌసు ఎదురొచ్చింది. తలుపు మీద తెల్లటి అక్షరాలు... నాళె బా. చీకటి. మళ్ళీ... నాళె బా. మళ్ళీ చీకటి.

బండి ఆపాడు. తాళం లాగేశాడు. ఇంజన్ ఆగింది. కీచురాయి కూడా కూయడం లేదు. దిగుదామని మెల్లగా కాలు ఎత్తాడు —

తాళం లేని బండికి లైట్లు భగ్గున వెలిగాయి!

చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తాడు.

తెల్లారేసరికి బ్యాటరీ చచ్చింది. బండి బావి పక్కనే పడి ఉంది.

"పిల్లమ్మే సార్!" అన్నాడు ఓంకార్. "తాళం నా చేతిలో ఉండాది... లైటు ఎలిగింది!"

హేమలత ముందు స్విచ్ ఆర్పింది. ఇంకో బ్యాటరీ తగిలించి, మొగుణ్ణి బండెక్కించింది.

"మలుపు తిరుగుతున్నట్టు వంగు."

వంగాడు. మోకాలు పైకి లేచింది. టిక్. లైటు వెలిగింది.

"ఇప్పుడు గుంత వచ్చిందనుకో."

టిక్. ఆరింది.

"పిల్లమ్మ కాదప్పా, నీ మోకాలు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆమె మీద ఎందుకు పెడ్తావు? బతికుండంగా ఒకడు పెట్టిన నింద చాల్లేదా?"

రాజగోపాల్ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. మిగతా బండ్లన్నీ హేమక్కే చూస్తుందన్నాడు. ఓంకార్ స్పానర్లు అందించాడు.

పని పూర్తయిన రోజు ఓంకార్ మహా తీయగా అన్నాడు. "అంత నమ్మకం ఉంటే, చీకట్లో నువ్వే పోయి తిప్పుకొని రా మే." ఆరోజు అమావాస్య అని అతనికి తెలుసు.

"పోయొస్తా" అందామె. "నువ్వు టీ పెట్టుండు."

టీ పెట్టలేదు. గేటు దగ్గర రాజగోపాల్ పక్కన నిలబడి, దూరమయ్యే వెలుగును చూస్తూ మొక్కుకున్నాడు — ఆరిపో. ఒక్కసారి ఆరిపో. ఒక్క కేక వినిపిస్తే చాలు.

ఆరలేదు. పంపుహౌసు దగ్గర ఆ వెలుగు కాసేపు ఆగింది. ఎవరికోసమో ఆగినట్టు... మళ్ళీ కదిలింది. గుంతల్లో ఎగిరెగిరి పడుతూ, ఒక్కసారీ రెప్ప వేయకుండా తిరిగొచ్చింది.

గేటు దగ్గరికి వచ్చాక ఆమె బొటనవేలితో లైట్లు ఆర్పింది. షెడ్డు ట్యూబులైటు ఆమె మీద పడింది. చెప్పినట్టే, హేమలత రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి.

భుజం మీద ఇంకో చెయ్యి ఉంది.

ఓంకార్‌కి ముందు వచ్చింది భయం కాదు.

"ఎవడు వాడు?" పళ్ళు నూరుతూ ఒక అడుగు ముందుకు వేశాడు.

రాజగోపాల్ అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు.

"ఎవడూ కాదప్పా... ఆ పచ్చ గాజులు చూడు."