పందొమ్మిది వందల తొంభై ఆరు మాటలు

వారపత్రిక ఆఫీసులో ఆయన్ని అందరూ త్రాసు అనేవారు. చేతిరాత కథ ఏది వచ్చినా ముందు ఆయన బల్ల మీదికే. నాలుగు పంక్తుల్లో మాటలు లెక్కపెట్టి, సగటు తీసి, పంక్తులతోనూ పేజీలతోనూ హెచ్చవేయడం పద్ధతి. ఆయన ఆ పద్ధతి మానేసి ఏళ్లయింది. కాగితాలు అరచేతిలో ఓసారి ఎగరేసి అంకె చెప్పేసేవాడు. పోటీ కథకి హద్దు రెండు వేల మాటలు. దాటిందంటే చదవకుండానే వెనక్కి.

కిందటేడు రిటైరైన నర్సు ఒకావిడ తన కథ స్వయంగా పట్టుకొచ్చింది. ఆయన ఎగరేశాడు.

"రెండు వేల మూడొందలు. కుదరదమ్మా."

"ఒక్కో మాటా లెక్కపెట్టాను బాబూ. పందొమ్మిది వందల తొంభై ఆరు. మీరూ ఒక్కసారి..."

"ఇరవై ఏళ్లుగా నా పనే ఇది. నాకే లెక్కలు నేర్పుతారా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆవిడ కాగితాలు అంచులు కలిపి సర్దుకుని, ఎవరి వంకా చూడకుండా వెళ్లిపోయింది.

ఈ ఏడు అదే కథ కవరులో వచ్చింది. పైన కూతురు రాసిన చీటీ. 'అమ్మ పోయి నెలైంది. ఆఖరి రోజు దాకా ఇవే లెక్కపెట్టుకుంది. ఆదివారం వచ్చి తీసుకెళ్తాను. ఈలోపు ఒక్కసారి చూడండి.'

పదిమందిలో కూర్చుని లెక్కపెట్టడానికి ఆయనకి మొహం చెల్లలేదు. ఆదివారం మధ్యాహ్నం ఒంటరిగా ఆఫీసు తలుపు తీశాడు. బయట ముసురు. గదంతా చెమ్మగిల్లిన కాగితం వాసన, జిగురు వాసన. పెన్సిలు మొనతో ఒక్కో మాటా తాకుతూ పైకే లెక్కపెట్టసాగాడు.

పన్నెండు వందలు దాటాక తన గొంతు కాస్త బరువెక్కినట్టు అనిపించింది. ఆగాడు.

గొంతు ఆగలేదు. ఇంకో రెండు అంకెలు లెక్కపెట్టి... అప్పుడు ఆగింది.

పైకప్పు మీద వానే అనుకున్నాడు. అనుకోవాలనుకున్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు. ఆసుపత్రి వరండాల్లో ఉండే మందు వాసన గుప్పుమంది. చివరి పేజీ... చివరి పంక్తి... చివరి మాట.

"పందొమ్మిది వందల తొంభై ఆరు."

రెండు గొంతులు ఒక్కసారే అన్నాయి.

సిగ్గుతో ఆయన తల బల్లకి ఆనిపోయింది. వెనక్కి చూసే ధైర్యం లేదు.

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు.

"ఒకటి," అంది గొంతు, మెడ వెనక నుంచి.

"నేను ఆరోజు లెక్కే పెట్టలేదు..."

"రెండు... మూడు... నాలుగు... ఐదు..."

చేత్తో నోరు మూసుకున్నాడు. గొంతూ ఆగింది. ఎదురుచూస్తున్నట్టు... ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

తలుపు చప్పుడైంది. కూతురు. తడిసిన గొడుగు మూల నిలబెట్టి ఎదురుగా కూర్చుంది. ఊపిరి వినిపించడం లేదు. వాసనా లేదు. ఆయనకి ఏడుపొచ్చింది. మొత్తం చెప్పేశాడు, తల దించుకునే. ఎగరేయడం, నవ్వడం, ఆవిడ కాగితాలు సర్దుకున్న తీరు, ఏదీ దాచలేదు. కథ వేయిస్తాననీ, తన తప్పు అందరి ముందూ ఒప్పుకుంటాననీ అన్నాడు.

చెప్పడం అయ్యాక తలెత్తాడు. ఆమె బొటనవేలు తక్కిన వేళ్ల కణుపుల మీద ఆగి ఉంది.

"దేన్ని లెక్కపెడుతున్నారమ్మా?" అన్నాడు.

ఆమె తన చేతిని అప్పుడే చూసినట్టు చూసుకుంది.

"నేనా? ఏమీ లేదే!"

బొటనవేలు అప్పటికే రెండు కణుపులు ముందుకు జరిగింది.