కాళ్ల దిక్కు హ్యాండిల్

ఆర్మూర్ల పసుపు యార్డు గోడకు ఆనుకొని రైతుల పసుపు అమ్మిపెట్టే భీమన్న అడ్తి దుకాణం. దాని ఎనుక అర్రల పొద్దుగూకినంక ఎవ్వలు పండుకోరు. మూడేండ్ల కింద ఎల్లయ్య అనే హమాలి గండ్లనే బస్తాల మీద ఒరిగిండు... తెల్లారి లేవలేదు. అప్పటిసంది గా అర్రల కన్ను మూస్తే ఎవలో వచ్చి ఎదమీద కూసుంటరని బద్నాం వడ్డది.

నేను కండ్ల చూసింది లేదు. భీమన్న కోడలు పద్మ చెప్పింది. ఇన్నది ఇన్నట్టే రాస్తున్న.

భీమన్నకు నడుము పడిపోయింది. గుండె గూడ బలం తప్పింది. "సాపుగ పండవెడితే ఊపిరాడదు. తల దిక్కు ఎత్తు లేసే మంచం కొనుర్రి. ఎప్పటికీ దించొద్దు" అని దవాఖానల డాక్టరమ్మ గట్టిగ చెప్పింది.

కొడుకు అంబదాస్, పద్మ కలిసి నిజామాబాద్ పోయిర్రు. లొల్లి దుకాణంలనే మొదలైంది.

రెండు రకాల మంచాలు చూపెట్టిండట దుకాణపాయన. ఒకటి రిమోట్‌ది — మీట ఒత్తితే తల లేస్తది, కాళ్లు లేస్తయి. ఇంకోటి హ్యాండిల్‌ది — ఎవలన్న కాళ్ల దిక్కు వంగి తిప్పాలె.

"రిమోట్‌ది తీస్కో. మామ చేతులు మంచిగనే ఉన్నయి. ఒకల్ని అడుక్కోకుంట ఆయనే లేస్తడు" అన్నది పద్మ.

"కరెంటు పోతే నువ్వు లేపుతవా?"

"హ్యాండిల్‌ది కొంటే రాత్రి లేసి నువ్వు తిప్పుతవా? నీ గురకకు గోడలు అదురుతయి. మామ పిలిస్తే ఇనవడ్తదా నీకు?"

దుకాణపాయన కిసుక్కున నవ్విండు. అంబదాస్ మొఖం ఎర్రగైంది. గా కోపానికే హ్యాండిల్‌ది కొన్నడు.

ఇల్లు దుకాణం మీదనే, మంచం మెట్లెక్కలేదు. అంత వెడల్పు తలుపు ఎనుక అర్రకే ఉన్నది...

"గా అర్రల వెడ్తవా మామను?"

"నిన్ను చూస్తే దెయ్యమే జడుసుకుంటది. ఫికర్ చెయ్యకు."

భీమన్న పెండ్లాం రాధాబాయి గడప అవతల చాప ఏసుకున్నది. కొడుకు, కోడలు మీద అర్రల పండుకున్నరు.

మొదటి రాత్రి. తల దిక్కు ఎత్తువెట్టి, లైటు తీసేసిర్రు.

నడిజాముల... కిందికెళ్లి ఎగపోత ఇనవడ్డది.

పద్మ ఉరికింది. గడప కాడ రాధాబాయి తలుపు పట్టుకొని నిలవడ్డది. లోపల భీమన్న ఎదమీద చెయ్యి ఏసుకొని కొట్టుకుంటుండు. కండ్లు తేలేసిండు.

మంచం... సాపుగ ఉన్నది.

రెండో రాత్రి గూడ గంతే; రెండుసార్లు పద్మనే హ్యాండిల్ తిప్పి తల లేపింది.

"నిద్రల ఉన్న... ఎవలో ఎదమీద కూసున్నరు..." అని భీమన్న పొద్దుగాల మెల్లగ చెప్పిండు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, "ఇంకోసారి గిట్లయితే మనిషి దక్కడు" అన్నది.

అంబదాస్ పెండ్లాం మీదికి లేసిండు. "నువ్వే దించుతున్నవ్. రిమోట్‌ది కొనలేదని పగ వట్టినవ్."

"నా చేతులిరగ! నీ మీద పగుంటే నిన్నే పండవెడుదు. మామనెందుకు?"

రాధాబాయి ఎండు మిరపకాయలు తిప్పి నిప్పులల్ల ఏసింది. జర్రంత గూడ ఘాటు రాలేదట.

మూడో రాత్రి అంబదాస్ ఎవ్వలకు చెప్పకుంట బస్తాల ఎనుక దాసుకున్నడు. పెండ్లాన్ని పట్టియ్యాలని.

చీకటి. పసుపు వాసన. నాయిన ఊపిరి ఒక తీరుగ ఆడుతున్నది...

కిర్ర్...

జర సేపు ఏం లేదు.

కిర్ర్... కిర్ర్...

కాళ్ల దిక్కు తెల్లగ ఏదో వంగి ఉన్నది. నాయిన తల మెల్లమెల్లగ కిందికి దిగుతున్నది. ఊపిరి గరగరమంటున్నది. అంబదాస్ ఫోన్ లైటు ఏసిండు.

వెలిసి తెల్లగైన సీర. నెరిసిన కొప్పు. హ్యాండిల్ మీద రెండు చేతులు.

"అవ్వా...!"

రాధాబాయి హ్యాండిల్ ఇడవలేదు.

"లొల్లి చెయ్యకురా" అన్నది గుసగుసగ. "మనం లింగాయతులం. మన ఇండ్లల్ల గిట్ల కూసోవెట్టేది ఎవల్నిరా? పానం పోయినోళ్లనే గద! మా అత్తను గిట్లనే కూసోవెట్టి పూలేసిన. కండ్లు మూసుకొని, తల ఒరగేసి మీ నాయిన కూసుంటే... నేను చూడలేనురా. గా ఎగపోత అర్రల దెయ్యం పనే అనుకున్న... పండవెడితే బతుకుతడని..."

"సంపుతున్నవే అవ్వా!"

అంబదాస్ తల్లిని పక్కకు నూకి, గిర్రగిర్ర తిప్పిండు. తల లేసింది. ఎంతసేపటికో భీమన్నకు ఊపిరి అందింది. గోడకు ఆనుకొని ఏడుస్తున్న పెండ్లాన్ని చూసిండు. ఒక్కొక్క మాట ఏరుకున్నట్టు అన్నడట —

"సచ్చినంక... పండవెట్టు. గిప్పుడు... కూసోనియ్యి."

రాధాబాయి కొంగుతోటి మొఖం తుడుసుకున్నది. కొడుకు చేతిల హ్యాండిల్ గుంజుకొని, ఇంకో రెండు చుట్లు పైకే తిప్పింది.