మూత వదులుగా పెట్టండి

“ఎవరండీ వీటిని చంపింది?”

ఆ అమ్మాయి నాతో అన్న మొదటి మాట అది. నేను చేరి ఒక్కరోజే అయింది, ఇంకా మెడలో ఐడీ కార్డు కూడా సరిగ్గా తగిలించుకోలేదు, అప్పుడే హత్యానేరం!

“నేనెవర్నీ చంపలేదండీ!” అన్నాను రెండు చేతులూ పైకెత్తి.

“నిన్న సాయంత్రం ట్యాంకు దగ్గర ఈ సీసా నింపింది మీరేగా?”

“నేనే. ఒక్క చుక్క కారకుండా మూత బిగించి మరీ పెట్టాను.”

“అదే మరి! నిండా నింపి, ఊపిరాడకుండా బిగించి, తెల్లారేదాకా వదిలేశారు. పాపం, ఎన్ని ప్రాణాలో!”

సీసా తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. కుళ్ళిన కోడిగుడ్ల కంపు. నా కళ్ళవెంట నీళ్ళు కారాయి.

“ఏడవకండి, పోయినవి తిరిగిరావు” అంది. నవ్విందో లేదో తెలీదు, ముఖానికి మాస్కు ఉంది.

అసలు నేనక్కడికి ఎలా వచ్చిపడ్డానో చెప్పాలి. పర్యావరణ శాస్త్రం చదివే మేమంతా చివరి ఏడాది రెండు నెలలు ఎక్కడో ఒకచోట స్వయంగా పని నేర్చుకోవాలి. క్లాసులో చీటీలు తీశారు. ఒకడికి అడవి వచ్చింది, ఒకడికి సముద్రతీరం వచ్చింది. నాకు ఊరి మురుగునీళ్ళు శుద్ధిచేసే ప్లాంటు వచ్చింది. నా అదృష్టం ఎప్పుడూ అంతే.

ఇంట్లో ఆ మాట చెప్పే ధైర్యం లేక “నీళ్ళ ల్యాబ్ అమ్మా” అని నసిగాను. ఈ ముచ్చట తీరాక నేను మా బావ ఆఫీసులో చేరాలని అమ్మ ఎప్పుడో తేల్చేసింది. నాకూ అభ్యంతరం లేదనే అనుకున్నాను.

“రండి, హంతకుడు గారూ. ఈసారి బతికున్నవాటిని చూద్దురుగాని” అంది ఆ అమ్మాయి. ప్లాంటులో నా పేరు అలా ఖాయమైపోయింది. తను అక్కడి ల్యాబ్ కెమిస్టు. నాకంటే రెండేళ్ళ ముందు చదువు ముగించింది, అంతే. ఆ మాత్రానికే ఇంత దబాయింపా అనుకుంటూ మైక్రోస్కోపు మీదికి వంగాను. ఒక్క చుక్క బురదలో ఏముంటుంది?

వంగినవాణ్ణి చాలాసేపు లేవలేదు.

చిన్న చిన్న గంటలు. ఒక్కోదానికి సన్నటి కాడ. అంచు చుట్టూ నూగు గిర్రున తిరుగుతోంది. ఉన్నట్టుండి ఒక కాడ స్ప్రింగులా ముడుచుకుపోయి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు మెల్లగా సాగింది. వాటి మధ్యనుంచి తలమీద రెండు చక్రాలు తిప్పుకుంటూ గాజులాంటి ప్రాణి ఒకటి వెళ్తోంది. అది తిన్నది కూడా దాని కడుపులో కనబడుతోంది!

“ఇవి... ఇవేం చేస్తున్నాయండీ?”

“ఊరంతా పారబోసినదాన్ని తింటున్నాయి. వీటికంటే చిన్నవి ఇంకా ఉన్నాయి, అవి కళ్ళకి చిక్కవు. మనం ట్యాంకు అడుగునుంచి గాలి అందిస్తాం. శుభ్రం చేసేది ఇవే.”

నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. పుస్తకంలో బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నానుగానీ, నిజం చెప్పొద్దూ, ఇంత ఊరి మురికిని ఇంతింత ప్రాణులు కడుగుతాయంటే లోలోపల ఎప్పుడూ నమ్మలేదు. తలెత్తి చూస్తే ఆ అమ్మాయి మాస్కు తీసి నావైపే చూస్తోంది.

“మొదటిసారి నేనూ ఇలాగే నోరు తెరిచాను” అంది.

చటుక్కున నోరు మూసుకున్నాను. ఆ కళ్ళని చూస్తే మళ్ళీ తెరుచుకునేలా ఉంది.

ఇక నాకు సెలవురోజంటే విసుగు పట్టుకుంది. ఓ మధ్యాహ్నం ట్యాంకు గట్టుమీద ఉండగా వాన మొదలైంది. ఉన్న ఒక్క గొడుగు కింద ఇద్దరం. తను గ్లాసుతో కాస్త బురదనీళ్ళు ముంచి “వాసన చూడండి” అంది. భయపడుతూనే చూశాను. తొలకరికి తడిసిన మట్టి వాసన!

“ఇవి ఆరోగ్యంగా ఉంటే ఇలాగే ఉంటుంది” అంది, సొంత పిల్లల గురించి చెప్పినట్టు.

సరిగ్గా అప్పుడే అమ్మ ఫోన్. “ఎక్కడున్నావురా?”

“ల్యాబ్‌లో అమ్మా. మంచినీళ్ళ ల్యాబ్‌లో” అన్నాను అలవాటుగా.

గొడుగు నా చేతిలో పెట్టి తను వానలోకి నడిచింది.

“ఏమండీ, ఆగండి!”

“ఒకతను నన్ను పెళ్ళి చేసుకుంటానన్నాడు. ఈ గేటుదాకా వచ్చి, ముక్కు మూసుకుని, అటునుంచి అటే వెళ్ళిపోయాడు” అంది వెనక్కి తిరక్కుండానే. “మీరు లోపలికొచ్చారు, అంతే తేడా.”

నా మొహం మాడిపోయింది. ఆ తర్వాత పని మాటలు తప్ప వేరే మాటే లేదు. “హంతకుడు గారూ” అని కూడా పిలవడం మానేసింది. ఆ పిలుపు కోసం ఇంత అల్లాడతానని నేనెప్పుడూ అనుకోలేదు.

ఇంకో వారంలో నా గడువు తీరిపోతుందనగా అమ్మ ముందు కూర్చున్నాను.

“అమ్మా, అది మంచినీళ్ళ ల్యాబ్ కాదు.”

“తెలుసు. నీ చొక్కా ఎప్పుడో చెప్పింది.”

“నాకు ఆ పనే చేయాలనుంది. ఒక్కసారి వచ్చి చూడు. చూశాక కూడా బావ ఆఫీసే అంటే నోరెత్తకుండా వెళ్తాను.”

మర్నాడు అమ్మ వచ్చింది, ముక్కుకి కర్చీఫ్ అదిమిపెట్టుకుని. ఆ కర్చీఫ్ చూసి ఆ అమ్మాయి ముఖం బిగుసుకుంది. అయినా “రండమ్మా” అని మైక్రోస్కోపు ముందుకి స్టూలు జరిపింది.

“ఏమీ కనబడట్లేదమ్మాయ్.”

“ఇది మెల్లగా తిప్పండి... ఇంకాస్త...”

అమ్మ ఇంకాస్త ముందుకి వంగింది. కాసేపటికి కర్చీఫ్ జారి బల్లమీద పడింది. అమ్మకి తెలియనేలేదు.

“అమ్మో, ముడుచుకుందిరా! ఇవన్నీ మనింటి నీళ్ళలోవేనా?”

“అందరిళ్ళ నీళ్ళలోవేనమ్మా” అంది ఆ అమ్మాయి.

“ఇన్నేళ్ళుగా అంట్లు తోమి నీళ్ళు పారబోస్తున్నాను. ఎక్కడికి పోతాయో, ఎవరు కడుగుతారో ఒక్కసారైనా అనుకోలేదు చూడు” అంది అమ్మ, గుడిలో మాట్లాడినంత మెల్లగా.

శుద్ధైన నీళ్ళు ఏట్లో కలిసేచోటు చూస్తానని అమ్మ ముందు నడిచింది. వెనక మేమిద్దరం మిగిలాం. ఆరోజు సీసా నింపి, చెప్పాల్సిన మాట వెతుక్కుంటూ మూత గట్టిగా బిగించేశాను.

“మళ్ళీనా?” అంది.

“ఇంకోటి కూడా బిగించి పెట్టానండీ, చాలా రోజులుగా. మీరంటే నాకు ప్రాణం. మీ పనన్నా ప్రాణం. ఆరోజు సిగ్గుపడ్డందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.”

తను నా చేతిలోంచి సీసా తీసుకుంది. కాసిని నీళ్ళు ఒంపి, మూత వదులుచేసి తిరిగిచ్చింది.

“అమ్మగారిని గేటు దాటించావు కాబట్టి క్షమించాను” అంది. “ఇంకెప్పుడూ బిగించకు, హంతకుడా.”

“బిగించను, ఒట్టు” అన్నాను.

“ఒరేయ్! ఇక్కడ చేపపిల్లలున్నాయిరా!” అమ్మ గట్టుమీదనుంచి కేకేసింది. “ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చుకోమని మీ బావకి చెప్పు. అమ్మాయిని తీసుకుని ఇటు రా!”

“అమ్మా, మీ కర్చీఫ్ ల్యాబ్‌లో మర్చిపోయారు” అంది ఆ అమ్మాయి, ఎర్రబడ్డ ముఖం దాచుకుంటూ.

“ఉండనీ తల్లీ. మళ్ళీ వస్తాగా, ఆ గంటల్ని ఇంకోసారి చూడాలి” అంది అమ్మ.