ఖాళీ పెట్టెలో పోసిన పిన్నులు

పదకొండుంబావుకి లిఫ్టుల ఫ్యాక్టరీలో టెస్ట్ లిఫ్ట్ కూలింది. లోపలున్న ఫిట్టర్ అక్కడికక్కడే పోయాడు. బ్రేకు పిన్ను రెండు ముక్కలై పడి ఉంది.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ వెళ్లేసరికి మేనేజర్ కేసు తేల్చేశాడు. "పిన్నుని సుత్తితో బాది బిగించుంటాడు సార్."

పోయినవాడి మీద నింద వేయడమంత సులువైన పని లేదు. లేచొచ్చి కాదనలేడు కదా.

ఫిట్టర్ భార్య ఒక్కటే అడిగింది. "ఆయన చేతి తప్పో కాదో తేల్చండి సార్. నా కూతురు ఈ మాట వింటూ పెరగకూడదు."

డిపార్ట్‌మెంట్‌లో ఇన్‌స్పెక్టర్‌ని నత్త అంటారు. నడక అంత నెమ్మది. ఆయన పిన్ను ముక్కల్ని తిప్పి తిప్పి చూశాడు. ఎక్కడా వంగలేదు. గాజులా విరిగింది. సుత్తి దెబ్బ ఒక్కటీ లేదు.

"ఇవెవరు చేస్తారు?"

"ఈ ఫిట్టర్ వాళ్ల నాన్నే. సొంత వర్క్‌షాప్."

"మీరు పరీక్షించరా?"

"ఆయన పని పద్ధతి చూసి సర్టిఫికెట్ ఇచ్చాం. ఇక పరీక్షెందుకు? పైగా ఇప్పుడు మాది పుల్ సిస్టమ్. ఇక్కడ ఖాళీ అయిన పెట్టె అక్కడికి చేరాకే ఆయన పని మొదలుపెట్టాలి. మునుపు పుష్. కావాలన్నా వద్దన్నా చేసి తోసేవారు. గుట్టలు పడేవి."

"ఈ పిన్ను వచ్చిన పెట్టె?"

"మొన్న సాయంత్రం ఖాళీది పంపాం. నిన్న పొద్దున్నే నిండి వచ్చింది."

ఇన్‌స్పెక్టర్ మేనేజర్‌నీ, ఫిట్టర్ భార్యనీ వెంటబెట్టుకుని వర్క్‌షాప్‌కి వెళ్లాడు. ముసలాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

ఇన్‌స్పెక్టర్ ఫర్నెస్ తలుపు తీసి టార్చి వేశాడు. లోపల దుమ్ము పట్టిన సాలెగూడు, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా.

"మొన్న రాత్రి పెట్టె నింపారు. ఫర్నెస్ చూస్తే వెలిగి చాలా రోజులైంది. మరి పిన్నులెక్కడివి పెద్దాయనా?"

ఇన్‌స్పెక్టర్ ఫర్నెస్ తలుపు మూసి తనే చెప్పాడు.

"పుష్ రోజుల గుట్టలోవి. హడావుడిగా ఒకసారి కాల్చి, చల్లార్చి, మళ్లీ వేడి చూపించకుండా పడేసినవి. అలాంటి ఉక్కు గట్టిగానే ఉంటుంది. బరువు పడితే పుటుక్కుమంటుంది."

ముసలాయన తల వంచుకున్నాడు. "బర్నర్ చెడిపోయింది బాబూ. చెబితే పని ఇంకొకరికి ఇచ్చేస్తారని భయం. ఒక్క పెట్టేగా అనుకున్నా. సర్టిఫికెట్ ఉన్నా, మావాడు ఒకసారి చూస్తాడులే అనుకున్నా. నిన్నటి నుంచి చెబుదామనే ఉన్నా. నోరు పెగల్లేదు."

"చూడరు మామయ్యా," అంది కోడలు మెల్లగా. "వేరే ఎవరి సరుకైనా ఒక్కోటీ చూస్తారు. 'మా నాన్న చేసింది కూడా చూడాలా?' అనేవారు."

ముసలాయన గొంతులోంచి వచ్చిన చప్పుడు విని మేనేజర్ బయటికి వెళ్లిపోయాడు. ఈ కేసు తేలకపోయినా బాగుండేదనిపించింది ఇన్‌స్పెక్టర్‌కి.

"మా ఆయన తప్పు లేదని రాసుకోండి సార్," అందామె. కోరుకున్నది దక్కింది. కళ్లలో మాత్రం ఏమీ లేదు.

ఇన్‌స్పెక్టర్ ముసలాయన్ని జీపు ఎక్కించాడు. ఆమె వెనకే వచ్చి ఇన్‌స్పెక్టర్ చేతిలో మందుల పొట్లం పెట్టింది.

"మామయ్యకి మధ్యాహ్నం బీపీ మాత్ర ఉంది సార్. మర్చిపోతారు. మీరే గుర్తుచేయాలి. ఇన్నాళ్లూ మా ఆయన ఫోన్ చేసి గుర్తుచేసేవారు."