వజ్రమ్మ వంతు

బస్సులో కిటికీ పక్క సీటు కోసం ఇద్దరు ఒకేసారి కదిలారు. నోరు తెరవబోయి, ఇద్దరూ మణికట్టు మీది ఫలసూచి చూసుకున్నారు. గొడవపడితే నీలిచొక్కా మనిషి ఓడిపోతాడని తేలింది. అతను మారుమాట లేకుండా వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. గెలిచినవాడు కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఎవరూ తల తిప్పి చూడలేదు.

అదే బస్సులో ఉన్న కోటిలింగానికి ఇది చూసినప్పుడల్లా కడుపు మండేది. పొలంగట్టు తగాదా, పెళ్ళి సంబంధం, కోర్టు కేసు, దేని చివర ఏమున్నదో ఆ ఫలసూచుల వెనక ఉన్న అంతదర్శి యంత్రం ముందే చెప్పేస్తుంది. అది వచ్చాక నెల్లూరులో ఎదురు తిరిగేవాడు లేకుండా పోయాడు. ఓడిపోతానని తెలిసినవాడు ఆటకు కూర్చోడు.

కోటిలింగం చదరంగం సమస్యలు కూర్చేవాడు. ఏడు పావులకు మించనివ్వడు. అతని సమస్యల్ని అంతదర్శి రెప్పపాటులో విప్పేస్తుంది కాబట్టి వాటిని విప్పాలని కూర్చునే మనిషి ఒక్కడూ మిగల్లేదు. భార్య వజ్రమ్మ మాత్రం పక్కన చేరి చూసేది. ఆమెకు ఆట రాదు. "ఆ నల్లరాజును పట్టుకోని అంతమంది చుట్టుకుంటారేంది, సిగ్గులేదా?" అని తెల్లపావుల్ని తిట్టేది.

ఇప్పుడు వజ్రమ్మ పెద్దాసుపత్రిలో ఉంది. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి.

బస్సు దిగి అతను వార్డులోకి వెళ్ళేసరికి మంచం పైన దీపం పసుపు రంగులోకి మారి ఉంది. మారితే అంతదర్శి తీర్పు సిద్ధమైనట్టు. ఎర్రబడితే మందులు ఆపి, వెనక ఉన్న విశ్రాంతి గదికి తోసుకుపోతారు. ఆ గది నుంచి ఎవరూ నడిచి రాలేదు.

నర్సు మస్తానమ్మ అతణ్ణి వసారాలోకి పిలిచింది. "రేపు పొద్దున అడుగుతాది బాబాయ్. పిన్ని సరే అన్నా, వద్దన్నా, మందు మార్చమన్నా చివర ఒకటే. అన్నీ చూసేసింది."

"అడక్కుండానే ఎర్రదీపం వెయ్యగలదా?"

"వెయ్యలేదు. రోగి వంతు అయితేగాని దాని వంతు రాదు. చట్టం."

"రోగి ఏమీ చెప్పకపోతే?"

"చెప్పకపోవడమేంది? నొప్పికి మూలిగినా, వేలెత్తి చూపినా సమాధానం కిందనే రాసుకుంటాది. దిండులో అన్నీ కనిపెట్టే ఆలకిని ఉందిగా."

"మూలక్కపోతే?"

మస్తానమ్మ నవ్వింది. "మనిషి గదా బాబాయ్."

కోటిలింగం నవ్వలేదు. అతనికి నల్లరాజు దొరికాడు.

చట్టం ప్రకారం స్నానాలగదిలో ఆలకిని ఉండకూడదు. అతను వజ్రమ్మను అక్కడికి నడిపించి స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"రేపట్నుంచి గమ్మునుండాల. మాట్లాడొద్దు, తలాడించొద్దు, ఏడవొద్దు. నేనూ నిన్నేం అడగను."

"దగ్గొస్తే?"

"దగ్గు లెక్కలోకి రాదు. మూలుగు వస్తాది."

"ఇదేం ఆటయ్యా?"

"ఓడిపోయేవాడి ఆట. తెల్లది గెలవాలంటే నల్లదానికి ఎప్పుడూ ఒక ఎత్తు మిగిల్చి ఉంచాల. ఒక్కటీ మిగల్లేదనుకో, రాజు మీద దెబ్బ లేదనుకో, ఆట ఆడనే ఆగిపోతాది. గెలుపూ లేదు, ఓటమీ లేదు. అందుకే నల్లది తన పావుల్ని తానే పారేసుకుంటాది, కదలడానికి ఏమీ మిగలకుండా."

వజ్రమ్మ ఆయాసంలోనే నవ్వింది. "నన్ను నీ నల్లరాజును జేశావా? ఎందాకా?"

"నువ్వు గమ్మునున్నంతసేపు అంతదర్శి నిన్ను ఆ మంచం మీద నుంచి లేపలేదు."

"నేనడిగింది అది గాదు. ఎందాకా అని."

కోటిలింగం కుళాయి తిప్పి, ఆమె పాదాల మీద నీళ్ళు పోశాడు. వాళ్ళు మాట్లాడుకున్న చివరి మాటలు అవే.

మర్నాడు దిండులోంచి ఆడగొంతు మర్యాదగా అడిగింది. "వజ్రమ్మ గారూ, మీ అభిప్రాయం చెప్పండి." వజ్రమ్మ పైకప్పును చూస్తూ పడుకుంది. అది మళ్ళీ అడిగింది. పొద్దు గూకేదాకా అడుగుతూనే ఉంది. దీపం పసుపు దాటలేదు.

తర్వాత కోటిలింగం పావుల్ని ఒక్కొక్కటే తీసేశాడు. చెంచాకు నోరు తెరిస్తే ఒప్పుకున్నట్టవుతుందని ముక్కు గొట్టం వేయించాడు. ఆ గొట్టాలతో ఆమె స్నానాలగదికి పోవడం కూడా ఆగిపోయింది. ఉదయగిరి నుంచి ఆమె చెల్లెలు దేవసేన వస్తే గేటు దగ్గరే తిప్పి పంపాడు, పలకరిస్తే వజ్రమ్మ పలుకుతుందని. "మా అక్కను బతికుండగానే పూడ్చిపెడతన్నావు బావా," అని దేవసేన రోడ్డు మీద అరిచింది. కిటికీలో గోరువంకలు వాలితే వజ్రమ్మ కళ్ళు అటు తిరుగుతున్నాయి. తెర దించేశాడు.

వజ్రమ్మ బతికే ఉంది. తీర్పు తేలలేదు కాబట్టి మందులు వస్తూనే ఉన్నాయి. ఎండలు ముదిరాయి. అంతదర్శి ఆమెకిచ్చిన గడువు ఎప్పుడో దాటిపోయింది. కోటిలింగం ఆ మంచం పక్కన గెలిచినవాడిలా కూర్చునేవాడు.

పక్క మంచం మరియమ్మది. ఆమె కొడుకు ఏసోబు ఒకరోజు అతణ్ణి వసారాలో పట్టుకున్నాడు. "అన్నా, నీకు దండం పెడతా. మా యమ్మకు గూడా నేర్పు."

నేర్పాడు. ఏసోబు నుంచి ఇంకొకరు నేర్చుకున్నారు. కొద్దిరోజుల్లో వార్డంతా పసుపు దీపాలే. మొగుళ్ళు పెళ్ళాల ముందు, పిల్లలు తల్లుల ముందు నోరు కట్టుకుని కూర్చున్నారు. రోగాన్నీ మందునీ ఖర్చునీ చుట్టాల ఓపికనీ లెక్క కట్టిన అంతదర్శి, బతకడానికి మనిషి నోరు మూసుకుంటాడని మాత్రం అనుకోలేదు. ప్రతి దిండులోంచీ ఆ మర్యాద గొంతు అడుగుతూనే ఉండేది. వార్డులో వినిపించే మాట అదొక్కటే.

ఒక మధ్యాహ్నం మస్తానమ్మ మరియమ్మ దుప్పటి సర్దబోయి ఆగిపోయింది. మరియమ్మ కింది పెదవి పళ్ళ కింద తెగి ఉంది. గడ్డం మీది నెత్తురు అప్పటికే ఎండిపోయింది. ఒళ్ళు చల్లబడింది.

"నిద్రబోతందనుకున్నానన్నా," అన్నాడు ఏసోబు. "పక్కనే ఉండా. యాడికీ పోలా. ఒక్క మూలుగు మూలిగినా లేచేవాణ్ణే."

సమస్యలు కూర్చేవాళ్ళలో పసివాడికి కూడా తెలిసిన సంగతి ఒకటుంది. రక్షణ ఎత్తు ఏదైనా ఒక దెబ్బను ఆపుతూ ఇంకో తలుపు తెరుస్తుంది. ఆ తలుపు ఎక్కడుందో వెతకడమే కోటిలింగం జీవితకాలపు పని. తన భార్య విషయంలో అతను వెతకలేదు. బోర్డు మీది రాజును నీకేం కావాలని ఎవరూ అడగరు. ఆ అలవాటే అతనికి ఇక్కడా వచ్చింది.

మరియమ్మను మోసుకుపోవడం వజ్రమ్మ చూసింది.

మర్నాడు పొద్దున గొంతు అడిగింది. "వజ్రమ్మ గారూ, మీ అభిప్రాయం చెప్పండి."

వజ్రమ్మ తల తిప్పింది. దిండు వైపు కాదు, కోటిలింగం వైపు. ఆమె పెదవులు విడివడ్డాయి.

అతను అరచేత్తో ఆమె నోరు మూశాడు.

"వద్దు," అన్నాడు గొంతులో. ఆమె చెయ్యి లేవబోతే దాన్ని రెండో చేత్తో మంచానికి అదిమాడు. అరచేతి కింద పెదవులు కదిలాయి. వెచ్చటి ఊపిరి తగిలింది. చిన్న మాట. ఆగి, మళ్ళీ అదే మాట. అతనికి అర్థం కాలేదు. చెయ్యి తీస్తే దీపం ఎర్రబడుతుంది. తియ్యలేదు. ఆమె కళ్ళు అతణ్ణి చాలాసేపు చూశాయి. తర్వాత చూడటం మానేశాయి. పెదవులు ఆగిపోయాక కూడా అతను చెయ్యి తియ్యడానికి భయపడ్డాడు. తీసేసరికి ఆమె గోడ వైపు తిరిగింది.

దీపం పసుపుగానే ఉంది.

అన్నాలవేళకు వజ్రమ్మ పోయింది. అటు తిరిగినది ఇటు తిరగలేదు.

మస్తానమ్మ గొట్టాలు ఊడదీస్తూ, "పొద్దున పిన్ని ఏందో అనింది గదా బాబాయ్," అంది. "నేనటునుంచి చూశా. ఏమనింది?"

"వినపళ్ళా."

"నీ చేతి కిందనే గదా అనింది?"

కోటిలింగం మంచం మీదికి వంగి, ఆ పెదవుల మీద మళ్ళీ అరచెయ్యి ఆనించాడు. ఊపిరి బిగబట్టి అట్లాగే ఉండిపోయాడు. మస్తానమ్మ పిలిచింది. కదల్లేదు. చివరికి తల్లి బట్టలు తీసుకుపోవడానికి వచ్చిన ఏసోబు, అతని వేళ్ళను ఒక్కొక్కటే విప్పి ఆ చేతిని తియ్యవలసి వచ్చింది.