దాలమ్మ చేతి మీది ఎరుపు

స్టూలు మీద నిలబడి, దూలానికీ గోడకీ మధ్య సందులోకి కటకం దూర్చి లోలాక్షి సాలీడు కాళ్లు లెక్కపెడుతోంది. ఎనిమిది. దానికి ఎనిమిది కాళ్లుంటాయని ఆమెకు తెలియక కాదు. లెక్కపెట్టి పైకి చెబితే తప్ప నిర్ణయపలక తర్వాతి ప్రశ్నకు కదలదు. వీపు మీద మసిగీత ఉందా? లేదు. కడుపు కింద మెరుపు? లేదు.

"నిర్విషం, తొంభై ఎనిమిది," అంది పలకలోంచి తీర్పరి యంత్రం.

"నేను, లోలాక్షి, ఇది నిర్విషమని ఎరిగి ధ్రువీకరిస్తున్నాను," అంది ఆమె, బస్సు కండక్టరు స్టాపుల పేర్లు చెప్పినట్టు.

కింద నిలబడ్డ ఇంటాయనకు ఈ మాట రుచించలేదు. "సరిగ్గా సూసినారా? అంత నల్లగున్నాది గదండీ."

"పొయ్యి పొగకి నల్లబడిందండి. ఉండనీండి, దోమల్ని తింటాది."

ఆయన మొహం ముడుచుకున్నాడు. ఎదురింట్లో మొన్న విషం తేలిందట, తమ ఇంటి సాలీడు ఎందుకూ పనికిరానిదని తేలడం ఆయనకు చిన్నతనంగా ఉంది. పలాసలో ఇలాంటివాళ్లు ఇంటికొకరున్నారు. లోలాక్షి స్టూలు దిగి పదకొండో ఇల్లు పూర్తయిందని నొక్కింది. ఇంకా ముప్ఫై ఉన్నాయి.

వేసవి పదినెలలకు సాగిన తర్వాత, మసిసాలీళ్లు ఎండిన కొండల మీంచి చల్లటి ఇళ్లలోకి దిగాయి. కుడితే మొదట పొక్కు లేస్తుంది, తర్వాత ఎరుపు పాకుతుంది, ఆరుగంటల్లో విరుగుడు పడకపోతే మనిషి దక్కడు. అందుకని ప్రతి గదికీ గోడకన్ను బిగించారు. అది చూసినదంతా తీర్పరికి చేరుతుంది, తీర్పరి విషమో నిర్విషమో చెబుతుంది. అయితే యంత్రం తనంతట తాను మనిషి ఒంట్లోకి మందు ఎక్కించకూడదని చట్టం. ఒక మనిషి కూడా ఆ మాట నోటితో అనాలి, అప్పుడే విరుగుడు సీసా తాళం వీడుతుంది. ఆ మాట అనడమే లోలాక్షి ఉద్యోగం. నాలుగేళ్లలో ఆమె తీర్పరికి ఎదురుచెప్పింది లేదు. అది పాట పాడాలి, ఈమె తందాన అనాలి, అంతే.

విరుగుడుతో ఒక చిక్కు ఉంది. ఒక ఒంటికి అది ఒక్కసారే పనిచేస్తుంది. రెండోసారి ఎక్కిస్తే ఒళ్లే దానిమీద తిరగబడి ఊపిరి ఆపేస్తుంది. విరుగుడు అయిపోయినవాళ్లు తర్వాత బతుకంతా దుప్పటి దులపకుండా పడుకోరు, చెప్పు దులపకుండా తొడగరు.

పలక మీద ఎర్రచుక్క వెలిగింది. జీడి బట్టీల వీధి, నాలుగో ఇల్లు. కాటు అనుమానం. లోలాక్షి అక్కడికి చేరేసరికి తొమ్మిదీ ఇరవై అయింది.

మంచం మీద కూర్చున్న దాలమ్మకు నలభై ఏళ్లుంటాయి. బట్టీలో జీడిగింజలు కొట్టే పని. యంత్రాలు పప్పును బద్దలు చేసేస్తాయి, గుండు గుండుగా తీయాలంటే ఇప్పటికీ మనిషి చెయ్యే కావాలి. ఆమె ఎడమ మణికట్టు నుంచి మోచేయి దాకా కుంకం పూసినట్టు ఎర్రగా ఉంది. పక్కన ఆమె అత్త అప్పలనరసమ్మ చీపురు పట్టుకుని కాపలా కాస్తున్నట్టు నిలబడింది.

"విషం, తొంభై ఒకటి," అంది తీర్పరి, లోలాక్షి ఇంకా గుమ్మం దాటకముందే.

"ఆగాగు," అంది లోలాక్షి. తీర్పరితో ఆ మాట అనడం అదే మొదటిసారి, తనకే వింతగా తోచింది. వంగి వాసన చూసింది. "మామ్మా, ఈ సేతికి ఏటి రాసినావు?"

"ఏటి రాత్తారు తల్లీ? పసుపూ సున్నం. పురుగు కుట్టితే రాయరేటి?"

పసుపులో సున్నం కలిస్తే ఎరుపు పుట్టక ఏం పుడుతుంది. తీర్పరి చూసింది కాటు కాదు, ముసలమ్మ వైద్యం. లోలాక్షి గుడ్డను కొబ్బరినూనెలో ముంచి మెల్లగా తుడిచింది. పూత పోయింది. మణికట్టు దగ్గర శనగగింజంత పొక్కు, దానిచుట్టూ రూపాయిబిళ్లంత ఎరుపు మిగిలాయి. అది పూత మరకో, ఒంటి ఎరుపో ఎంత తుడిచినా తేలలేదు.

"విషం, యాభై రెండు," అంది తీర్పరి.

"మామ్మా, పురుగు ఏది?"

"కాల్సీసినాను."

"కాల్చీసినావా?"

"సీపురుతో కొట్టి పొయ్యిలో ఏసినాను. పాముని సంపితే కాల్చరేటి? కాల్చకపోతే దాని జత వొత్తాది." ముసలమ్మ ఇందులో అడగడానికేముందన్నట్టు చూసింది.

లోలాక్షి పొయ్యిలోకి తొంగిచూసింది. బూడిద. ఆ బూడిదలో కాళ్లు లెక్కపెట్టే కటకం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. గోడకన్ను దాచుకున్న బొమ్మలు తెప్పించింది. తెల్లవారుజామున ఐదూ పదికి దాలమ్మ మంచం కోడు మీద ఏదో నల్లటిది పాకింది. మసిగీత ఉన్నదో లేదో కనబడదు. మూడు నెలల వంటపొగ గోడకన్ను అద్దం మీదే గీతలు కట్టింది. ఆ అద్దంలోంచి చూస్తే తెల్లపిల్లి కూడా మసిసాలీడే.

"నాకేటి కుట్టనేదండీ," అంది దాలమ్మ. "ఇది జీడి పొక్కు. నిన్న గింజ కొట్టినప్పుడు నూనె సిందినాది. మా అత్తకి అన్నీ పురుగులే."

"ఈ సేతికేనా?"

దాలమ్మ చేతులు రెండూ చూసుకుంది. రెంటి నిండా జీడి కాల్చిన మచ్చలే, పాతవీ కొత్తవీ. "ఈ సెయ్యే అనుకుంటాను. కుడిదేమో. రోజూ సిందుతాది, ఏదని గురుతెట్టుకుంటాం?"

"మరి తెల్లారి మూలిగినావు గదే!" అంది అత్త.

"నిద్దట్లో సురుక్కుమన్నట్టుంది. కలనుకున్నాను." దాలమ్మ గొంతు తగ్గించింది. "మీరు విషమనీసీకండి మేడమ్‌గారూ. ఉన్నదొక్క మందు. జీడి పొక్కుకి దాన్ని ఆడీసుకుంటే రేపు నిజంగా కుట్టిన్నాడు నా గతేటి?"

"నిజంగా కుట్టిందేమో ఇయ్యేలే!" అంది అత్త. ఇద్దరూ ఒకేసారి లోలాక్షి వైపు చూశారు.

లోలాక్షి వాళ్లమ్మ కూడా జీడి కొట్టిన మనిషే. ఆమె చేతుల మీది పొక్కులు లోలాక్షికి బాగా గుర్తు. ఇది అలాగే ఉంది. నాలుగేళ్లలో చూసిన కాటు పొక్కులు కూడా అలాగే ఉండేవి. దాలమ్మకు చెమటలు పోస్తున్నాయి, అది విషం లక్షణమే. కాని నలభై ఆరు డిగ్రీల్లో లోలాక్షికీ పోస్తున్నాయి, ముసలమ్మకూ పోస్తున్నాయి. ఎటు ఆలోచించినా ఆలోచన తిరిగి మొదటికే వచ్చింది. భయం వేసింది.

జీడి పని సంగతి పలకకు చెప్పింది. "నిర్విషం, యాభై మూడు," అంది తీర్పరి. చెమట సంగతి చెప్పింది. "విషం, యాభై ఒకటి." గది వేడి చెప్పింది. "నిర్విషం, యాభై మూడు." తీర్పరి ఇలా ఊగిసలాడడం ఆమె ఎన్నడూ చూడలేదు. పదో నిమిషంలో అంకె ఎక్కడుంటే అదే తీర్పు, అది నియమం.

"నిర్విషం, యాభై మూడు. ధ్రువీకరించండి."

ఒక్క వాక్యం. తొమ్మిది క్షణాల పని. అనేస్తే సీసా తాళం అలాగే ఉంటుంది, తను పన్నెండో ఇల్లు దాటి పదమూడో ఇంటికి పోవచ్చు. కాటే అయితే పదకొండూ పదికి ఆరుగంటల గడువు దాటిపోతుంది, అప్పటికి తను ఎక్కడో ఇంకో స్టూలు మీద ఉంటుంది.

"నేను, లోలాక్షి," అని మొదలుపెట్టింది. తర్వాతి మాటలు నాలుక మీదికి వచ్చి నిలబడిపోయాయి. "నాకు తెలియదు."

"అమాన్య సమాధానం. విషం, నిర్విషం, రెంటిలో ఒకటి చెప్పండి."

"తెలియదు. తెలిసేదాకా ఇక్కడే కూర్చుంటాను."

"మీ పరిధిలో ఇరవైతొమ్మిది ఇళ్లు మిగిలి ఉన్నాయి. కూర్చోవడం అనే చర్య జాబితాలో లేదు."

"మామ్మా, ఇంట్లో కాటుక ఉందా?" అని అడిగింది లోలాక్షి.

ముసలమ్మ కాటుక భరిణె తెచ్చింది. లోలాక్షి వేలితో దాలమ్మ మణికట్టు మీద, ఎరుపు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ చుట్టూ గీత గీసింది. జీడి పొక్కయితే ఎరుపు గీత లోపలే ఉంటుంది. కాటయితే దాటుతుంది. చూడడం తప్ప వేరే దారి లేదు. నిజానికి ఎప్పుడూ ఉన్న దారి అదొక్కటే, దానికి టైమెవరూ ఇవ్వలేదు.

అప్పుడు తీర్పరి అడిగింది: "గత నాలుగేళ్లలో మీరు ఎరుగకుండానే 'ఎరిగి' అన్న సందర్భాలు ఉన్నాయా?"

లేవంటే సరిపోయేది. తిండిపెట్టే ఉద్యోగం. అయినా నోరు అబద్ధానికి తిరగలేదు.

"ఉన్నాయి."

"ఎన్ని?"

"లెక్కపెట్టలేదు. ఒకామె పేరు మాత్రం చెబుతాను. గున్నమ్మ, రైలుగేటు వీధి. రెండేళ్ల కిందట కాలి మీద దద్దురు. దురదగుంట ఆకు తగిలిందని నాకు అనుమానమే. నువ్వు విషం యాభై ఏడు అన్నావు, నేనూ విషమన్నాను. మందు ఎక్కించాం. ఈ వేసవిలో నిజంగా కుట్టింది. ఇంక ఎక్కించడానికి లేదు." వేలికంటిన కాటుక గుడ్డకు తుడుచుకుంది. "చచ్చిపోయింది. నేను ఆ వీధిలోంచి వెళ్లడం మానేశాను. సిగ్గేసి."

పలక మీద అక్షరాలు చెరిగి కొత్తవి వచ్చాయి: ఇదే ప్రశ్న జిల్లాలోని రెండువందల పన్నెండుమంది ధ్రువీకర్తలకు పంపబడింది.

పావుగంటకోసారి లోలాక్షి మణికట్టు చూసింది. తొమ్మిదీ యాభై. గీత లోపలే. పదీ ఐదు. లోపలే. దాలమ్మ ధైర్యం తెచ్చుకుని నవ్వింది కూడా, "సెప్పినాను గదా జీడని." ముసలమ్మ దాన్ని నమ్మనూ లేదు, కాదననూ లేదు. ఈలోగా పలక మీద ఊళ్ల పేర్లు రాలుతున్నాయి. సోంపేట: ఉన్నాయి. టెక్కలి: ఉన్నాయి. మందస: ఉన్నాయి. ఇచ్ఛాపురంలో ఒకరు ఇప్పుడే ఒక ఇంట్లో 'తెలియదు' అన్నారు. మళ్లీ టెక్కలి: తెలియదు. తానొక్కతే అలా బతుకుతున్నానని లోలాక్షి ఇన్నాళ్లూ అనుకుంది. ఇప్పుడు ఆ పేర్లు చూస్తుంటే ఊరట కలగాలో, ఒళ్లు జలదరించాలో అర్థం కాలేదు.

పదీ ఇరవైకి ఎరుపు మోచేతి వైపున కాటుక గీత దాటింది.

ముందు పొరపాటు పడ్డానేమో అనుకుని మళ్లీ చూసింది. గీత పలచబడలేదు, చెరగలేదు. ఎరుపే దాన్ని దాటి గోరంత ముందుకొచ్చింది. దాలమ్మ కూడా చూసింది. నవ్వు ఆగిపోయింది.

"విషం," అంది లోలాక్షి. "ఎరిగి చెబుతున్నాను."

తీర్పరి అంకె చెప్పలేదు. సంచిలోని సీసా తాళం టక్కున వీడింది. లోలాక్షి దాలమ్మ భుజానికి సూది గుచ్చింది. పావుగంట గడిచింది, అరగంట గడిచింది. పాకుతున్న ఎరుపు నిలబడింది, తర్వాత అంచులు వెలవెలబోయాయి. దాలమ్మ దక్కింది.

దాలమ్మ ఖాళీ సీసాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "అయితే నాకింక రెండోది నేదన్నమాట."

"నేదక్కా."

"రేపు మల్లీ కుట్టితే?"

దీనికి శిక్షణలో నేర్పిన వాక్యం ఉంది. జాగ్రత్తలు పాటించే ఇళ్లలో మరల కాటు పడే అవకాశం అత్యల్పం. గున్నమ్మకు కూడా లోలాక్షి ఆ వాక్యమే చెప్పింది.

"తెలీదక్కా," అంది. "ఏటి సెయ్యాలో నాకు తెలీదు."

దాలమ్మ తిడుతుందనుకుంది, తిట్టినా బాగుండుననుకుంది. దాలమ్మ మంచం మీద కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది. "కూకో అమ్మీ. నీ మొగం సూత్తే పురుగు నాకు కాదు, నీకు కుట్టినట్టున్నాది."

లోలాక్షి కూర్చుంది. ఇంక ఏడుపు ఆపుకోలేకపోయింది.

పలక వెలిగింది. 'తెలియదు' అన్న ఇళ్లు నూట ముప్ఫై ఏడు. నిర్ణయాలన్నీ నిలిచిపోయాయి. "ఆ ఇళ్లలో ఎంతసేపు కూర్చోవలెను?" అని అడిగింది తీర్పరి. మళ్లీ అడిగింది. "ఎంతసేపు? దయచేసి తెలపండి."

అప్పలనరసమ్మ చీపురుతో పలకకేసి వంగింది. "ఆగవయ్యా! పిల్ల ఏడుత్తంది, కనబడ్డం నేదా?"

తీర్పరి ఆగింది.