మొండెం మలుపు

క్వారీ గొయ్యి పక్కన తిరిగే ఆ మలుపుకి మా ఊరి డ్రైవర్లు పెట్టుకున్న పేరు మొండెం మలుపు. రాత్రి పదకొండు దాటాక అక్కడ తల లేని మనిషి నిలబడతాడని చెప్పుకునేవాళ్లు. కాళ్లూ ఉండవట. ఉత్త ఛాతీ... అదీ ధగధగా వెలుగుతూ.

ఇదంతా మా బావ చెప్పగా విన్నదే. ఆయన పాల వ్యాన్ నడిపేవాడు. దెయ్యం ఎదురైతే ఓ లీటరు పాలు పోసి సాగనంపుతానని మమ్మల్ని నవ్వించేవాడు — ఆ రాత్రి వరకూ.

మలుపు ఇంకా కాస్త దూరంలో ఉండగానే లైట్ల వెలుగులో కనిపించిందట. మనిషి ఎత్తులో, గాల్లో... ఛాతీ ఒక్కటే. బావ బ్రేకు తొక్కిపట్టాడు. భయంతో లైట్లు ఆర్పేశాడు.

ఏమీ లేదు. కటిక చీకటి.

మళ్లీ వేశాడు — ఉంది. అక్కడే... కొంచెం ఊగుతోంది.

బావకి పై ప్రాణాలు పైనే పోయాయి. వ్యాన్ వెనక్కి తిప్పబోతుంటే కిటికీ పక్కనే ఎవరిదో గుసగుస.

"అన్నా... లైట్లు ఆర్పకు. ముందు గొయ్యి ఉంది."

బక్కపల్చటి మనిషి. చేతిలో బ్లేడు, చొక్కా నిండా పసుపు రంగు పెచ్చులు. రోడ్డు బోర్డులకి రంగులేసే పెయింటర్. రంగు వాసనలకి అతని గొంతు పూడుకుపోయి గుసగుసే మిగిలింది. ఆ వెలిగే ఛాతీ అతని డ్యూటీ కోటే. లైటు పడితే మెరిసే పట్టీలున్న కోటు, మలుపు బోర్డు స్తంభానికి కట్టి ఉంది.

"మరి బోర్డేమైంది?" అన్నాడు బావ.

"నేనే చంపేశానన్నా. రోడ్ల ఆఫీసు పెద్దసారు చూడ్డానికొస్తున్నాడు, కొత్తదానిలా కనపడాలి, రంగు కొట్టెయ్ అన్నారు. అది లైటుకి మెరిసే రేకండీ, పైన రంగు పూస్తే రాత్రిళ్లు కనపడదండీ అని మొత్తుకున్నా. సారొచ్చేది పగలేగా, నీకెందుకన్నారు."

ఆ తర్వాత రెండు బైకులు గోతిలో పడ్డాయి. అప్పట్నుంచి ఇతను రోజూ రాత్రి వచ్చి, దొంగచాటుగా ఆ రంగు గీకుతున్నాడు. బాణం గుర్తు సగం బయటపడింది.

"కోటు లేకుండా రోడ్డు మీద నువ్వెలా కనపడతావయ్యా?"

"ఒక్కటే ఇచ్చారన్నా..."

కొన్నాళ్లు గడిచాయి. దెయ్యం గోల ఎక్కువైందని ఎవరో ఫిర్యాదు చేశారు. పెద్దసారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని కారు దిగాడు. కోటు పీకించి గోతిలో పారేయించాడు. గీకిన చోట మళ్లీ రంగు కొట్టించాడు. బోర్డు చచ్చినా ఫరవాలేదు గానీ, దెయ్యం మాత్రం ఉండకూడదట. ఛీ!

ఈ సంగతి బావకి తెలియదు. ఆ రాత్రి మొండెం కోసమే చూస్తూ వచ్చాడు — అది కనపడగానే స్పీడు తగ్గించడం అలవాటైపోయింది. ఎంతకీ కనపడలేదు. మలుపు ఇంకా దూరం ఉందనుకున్నాడు...

చప్పుడైంది.

దిగి చూస్తే బోర్డు కింద పెయింటర్. పిడికిట్లో బ్లేడు అలాగే ఉంది.

బావ మళ్లీ స్టీరింగ్ ముట్టుకోలేదు. పెద్దసారు ఇంకోసారి వచ్చాడు. తల పైకెత్తి చూసి, "బోర్డు స్పష్టంగా కనబడుతోంది, తప్పు డ్రైవర్‌దే" అని రాసుకుని వెళ్లిపోయాడు.

మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి.